కథ కోసం ఆడే ఫస్ట్ పర్సన్ గేములు: మీకు నప్పేది ఏది?

గాన్ హోమ్ గేమ్‌లో ఒక చిత్రమైన అచీవ్‌మెంట్ (ఫలానా పని చేస్తే గేమ్ ఇచ్చే బిరుదు) ఉంది: మొదలుపెట్టిన నిమిషంలోపే గేమ్ పూర్తి చేసేయాలి. ఖాళీ ఇంట్లో గదిగదీ తిరుగుతూ అటక దాకా చేరే ఈ గేమ్‌కు మొదటిసారి ఆడేవాళ్లకు దాదాపు రెండు గంటలు పడుతుంది. మరి నిమిషంలో ఎలా అవుతుందంటే, అటక తాళంచెవి ఏ మూల దాచారో ముందే తెలిసినవాళ్లకు మిగతా గదులతో పనే లేదు. తిన్నగా వెళ్లి తీసుకోవడం, పైకెక్కడం, అంతే.

కథ చుట్టూ అల్లిన ఫస్ట్ పర్సన్ గేములు (పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడేవి) చాలావరకు ఇలాంటివే. వరసగా చంపుకుంటూ పోవాల్సిన శత్రువులు ఉండరు, పాయింట్లు ఉండవు, చేయి తిరిగిన ఆటగాడై ఉండాల్సిన పనీ లేదు. మన దగ్గర ఉన్న పెట్టుబడల్లా ఆ కథ మనకింకా తెలియకపోవడమే. అది ఒక్కసారే ఖర్చవుతుంది, మళ్లీ సంపాదించుకోలేం. అందుకే రేటింగులు, గ్రాఫిక్స్, ఎన్ని గంటల గేమ్ అన్న లెక్కల కంటే ముందు నేను చూసేది ఒకటుంది: ఇందులో కథ మనకు ఏ దారిన తెలుస్తుంది? ఎవరైనా చెవిలో చెబుతారా, వస్తువులు చూసి మనమే పోల్చుకోవాలా, చేతులతో చేస్తుంటే అర్థమవుతుందా, లేకపోతే కాగితం, పెన్ను పెట్టుకుని లెక్క తేల్చాలా? మనకు ఏ దారి ఇష్టమో తెలిస్తే గేమ్ ఎంచుకోవడం సగం అయిపోయినట్టే. గొప్ప గేమ్ అని అందరూ చెప్పారని కొని, అరగంటకే విసుగొచ్చి వదిలేసేవాళ్లలో ఎక్కువమంది తమకు పడని దారిని ఎంచుకున్నవాళ్లే.

మాటలు వింటూ నడవడం ఇష్టమైతే

ఫైర్‌వాచ్ 2016లో వచ్చింది, చేసినవాళ్లు కాంపో సాంటో అనే సంస్థ. 1989 వేసవి, అమెరికాలోని వయోమింగ్ అడవి. హెన్రీ అనే నడివయసు మనిషి అడవిలో మంటలు కనిపెట్టే కాపలా ఉద్యోగానికి వస్తాడు. ఎందుకొచ్చాడో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది: భార్యకు చిన్న వయసులోనే మతిమరుపు జబ్బు, దాన్ని తట్టుకోలేక ఇక్కడికొచ్చి పడ్డాడు. కొండ మీద ఒక టవర్, చేతిలో ఒక వాకీటాకీ, అవతల ఇంకో టవర్‌లో డెలైలా అనే అధికారి. గేమంతా వీళ్లిద్దరి మాటలే.

ఆ మాటలు నడిచే తీరు బాగుంటుంది. వాకీటాకీ బటన్ నొక్కి పడితే రెండు మూడు జవాబులు కనిపిస్తాయి, ఎంచుకోవడానికి ఉన్న టైమ్ తరిగిపోతూ ఉంటుంది. ఏదీ ఎంచుకోలేదనుకోండి, హెన్రీ ఊరుకుండిపోతాడు. ఆ ఊరుకోవడాన్ని కూడా డెలైలా ఒక జవాబుగానే తీసుకుంటుంది. హెన్రీకి గొంతిచ్చిన రిచ్ సోమర్, డెలైలాకి గొంతిచ్చిన సిస్సీ జోన్స్ ఇద్దరూ గొంతుతోనే మనుషుల్ని నిలబెట్టేశారు. ఇద్దరిలో ఒక్కరు బలహీనంగా చేసినా ఈ గేమ్ నిలిచేది కాదు. మరో చిన్న సంగతి: దారి చూసుకోవడానికి చేతిలో కాగితం మ్యాపు, దిక్సూచి ఉంటాయి. మ్యాపు మీద మనం ఎక్కడున్నామో చూపించే చుక్కని సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. నన్నడిగితే తీసేయండి. దారి తప్పి డెలైలాతో రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడతారు, నష్టమేం లేదు.

దీని మీద వచ్చే పెద్ద ఫిర్యాదు ముగింపు గురించి. మధ్యలో టెన్షన్ బాగా పెంచి చివర్లో చప్పగా వదిలేశారంటారు. థ్రిల్లర్ అనుకుని కూర్చుంటే ఆ మాట నిజమే. ఇంటి బాధ్యత నుంచి పారిపోయి వచ్చిన మనిషి కథ అనుకుని చూస్తే మాత్రం ఆ ముగింపు సరిగ్గా అతికింది, ఇంకోలా ముగించి ఉంటే అబద్ధంలా ఉండేది. మీరు ఎంచుకునే జవాబుల వల్ల కథ మలుపులు మారవని కూడా ముందే తెలుసుకోండి. మారేది ఇద్దరి మధ్య మాటల రంగు మాత్రమే. నాలుగు గంటల్లో అయిపోతుంది. సినిమాలు, వెబ్ సిరీస్‌లు చూస్తారు కానీ గేములు ఎప్పుడూ ఆడలేదు అనేవాళ్లకు ఇదే సులువైన తలుపు.

ఇంగ్లీషు మాటలు గబగబా అందుకోవడం కష్టమనిపిస్తే మాత్రం దీన్ని కాస్త ఆగి ఆడండి. సబ్‌టైటిల్స్ ఉన్నా, అవి చదివి, జవాబులు చదివి, ఒకటి ఎంచుకునేలోపు టైమ్ దాటిపోతుంటే చిరాకేస్తుంది.

చేతుల్లో జరిగే కథ

వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్ (2017, జయంట్ స్పారో) గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, అయినా కొంచెం చెప్పకపోతే ఎందుకు ఆడాలో అర్థం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక దీవిలో వింతగా పైపైకి కట్టుకుంటూ పోయిన ఇల్లు. ఆ వంశంలో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చనిపోయారు. పోయినవాళ్ల గదులు సీలు వేసి ఉంటాయి, తలుపులకు లోపలికి తొంగి చూసేంత రంధ్రాలు మాత్రం ఉంటాయి. మిగిలిన అమ్మాయి ఈడిత్ ఆ ఇంటికి తిరిగొచ్చి ఒక్కో గదిలోకి దూరుతుంది. ప్రతి గదిలో ఆ మనిషి ఆఖరి ఘడియలు మనమే ఆడతాం, ప్రతిసారీ ఆడే పద్ధతి మారిపోతుంది.

అందులో ఒకటి చేపల ఫ్యాక్టరీలో ఒక కుర్రాడి పని. కంట్రోలర్ (రెండు చేతులతో పట్టుకుని ఆడే పరికరం) కుడి స్టిక్‌తో చేపను లాగాలి, కత్తి కింద పెట్టాలి, తల తెగాక బెల్టు మీదకు విసరాలి. లాగు, కొయ్యి, విసురు. పది చేపలయ్యేసరికి చేయి తనంతట తానే ఆడుతుంటుంది. అప్పుడు ఎడమ స్టిక్‌తో ఆ కుర్రాడు ఊహించుకునే ఒక రాజ్యంలో నడవడం మొదలవుతుంది. మొదట స్క్రీన్‌లో చిన్న ముక్కగా ఉన్న ఆ ఊహ మెల్లగా పెరిగి పెద్దదై మొత్తం స్క్రీన్‌ని ఆక్రమించేస్తుంది. కుడి చేయి మాత్రం చేపలు కోస్తూనే ఉంటుంది, మనకది గుర్తు కూడా ఉండదు. ఆ కుర్రాడి బుర్రలో ఏం జరుగుతోందో మన చేతులకు ముందు తెలుస్తుంది, మనకు తర్వాత. సినిమాకూ నవలకూ అందని పని ఇది. అందుకే ఈ సీను మౌస్‌తో కంటే కంట్రోలర్‌తో ఆడాలంటాను. దగ్గర లేకపోతే ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నా సరే.

బ్రిటన్‌లో ఇచ్చే 2018 బాఫ్తా గేమ్స్ అవార్డుల్లో ఉత్తమ గేమ్ బహుమతి దీనికే వచ్చింది, అదీ జెల్డా, మారియో లాంటి భారీ గేములు పోటీలో ఉండగా. రెండు, రెండున్నర గంటల్లో అయిపోతుంది. ఒకే కూర్చోడంలో ఆడాలి. మధ్యలో ఆపి మర్నాడు కొనసాగిస్తే దాని ఊపు పోతుంది.

హెచ్చరిక కూడా స్పష్టంగా ఉండాలి: ఇందులో పిల్లల చావులున్నాయి, ఆత్మహత్య ఉంది. రక్తపాతం చూపించరు, కానీ ఒకటి రెండు సీన్లు గుండెను పట్టేస్తాయి. చిన్నపిల్లలున్నవాళ్లు, ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు కొన్నాళ్లు ఆగడమే మేలు.

సొరుగులు తెరిచి చూసేవాళ్లకు

గాన్ హోమ్ 2013లో వచ్చింది, ఫుల్‌బ్రైట్ వాళ్లది. 1995 జూన్, ఉరుముల వాన, అర్ధరాత్రి. యూరప్ తిరిగొచ్చిన కేటీ ఇంటికి చేరేసరికి ఎవరూ ఉండరు, తలుపు మీద చెల్లెలు అంటించిన చీటీ మాత్రం ఉంటుంది. ఇక మన పని ఆ ఇల్లంతా తిరగడం, ఉత్తరాలు చదవడం, సొరుగులు లాగి చూడడం. చెల్లెలు సామ్ గొంతు మధ్యమధ్యలో డైరీలా వినిపిస్తుంది కాబట్టి ఆమె కథ అందరికీ అందుతుంది. ఇంట్లో మిగతా ఇద్దరి సంగతి అలా కాదు. నాన్న పుస్తకాలు రాసి నిలదొక్కుకోలేకపోయిన మనిషి, బతకడానికి స్టీరియోల గురించి రివ్యూలు రాస్తుంటాడు. ఆయన కథను ఎవరూ పైకి చెప్పరు. అన్నీ అట్టపెట్టెల్లో, కాగితాల్లో, అలమరాల వెనక ఉంటాయి. తొందరపడి నడిచేవాళ్లకు ఆ మనిషి అసలు కనిపించడు. గేమ్ పూర్తి చేసి కూడా ఆయన కథ ఒకటుందని తెలియనివాళ్లు ఉంటారు.

ఇందులో నాకు నచ్చే చిన్న వివరం: ఏ వస్తువైనా తీసి, తిప్పి చూశాక ‘తిరిగి పెట్టు’ అని ఒక ఆప్షన్ వస్తుంది, వస్తువు ఉన్నచోటే సరిగ్గా కూర్చుంటుంది. నేల మీద పడేసి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ సొంత ఇల్లు కదా, కాసేపటికి తెలియకుండానే సర్దిపెట్టడం మొదలుపెడతాం.

చీకటి, వాన, ఖాళీ ఇల్లు చూసి ఇదేదో హారర్ అని భయపడి వదిలేసేవాళ్లున్నారు. దయ్యం మీద పడే గేమ్ కాదిది. మరీ భయమైతే మొదలుపెట్టేటప్పుడే ఇంట్లో లైట్లన్నీ వెలిగి ఉండేలా పెట్టుకునే వీలుంది. వచ్చిన కొత్తలో ఇంత చిన్న గేమ్‌కి ఇంత ధరా అని పెద్ద గొడవే నడిచింది. ఇప్పుడు తరచుగా డిస్కౌంట్‌లో దొరుకుతుంది కాబట్టి ఆ గొడవకు అర్థం లేదు.

ఈడిత్ ఫించ్, గాన్ హోమ్ రెండూ ఇంటి కథలే, రెండూ రెండు గంటలవే. ఏది అంటే? మొదటిది మిమ్మల్ని చేయి పట్టుకుని తీసుకెళ్తుంది, దారి తప్పే అవకాశమే ఇవ్వదు. రెండోది తలుపు తీసి ఊరుకుంటుంది. ఎవరి ఇంటికైనా వెళ్తే గోడ మీది ఫొటోలు, అలమరాలోని పుస్తకాల పేర్లు చూసే అలవాటున్నవాళ్లు గాన్ హోమ్ తీసుకోండి. మిగతా అందరూ ఈడిత్ ఫించ్.

బుర్రకు పని కావాలంటే

ఇక్కడి నుంచి లెక్క మారుతుంది. పైన చెప్పిన మూడింట్లో నడుస్తూ పోతే కథ దానంతటదే వస్తుంది. ఔటర్ వైల్డ్స్‌లో, రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్‌లో మీరు అర్థం చేసుకోకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

ఔటర్ వైల్డ్స్ (2019, మోబియస్ డిజిటల్) ఒక బుల్లి సౌరకుటుంబం. తడికెలు, చెక్కలు, మేకులతో చేసినట్టుండే రాకెట్ ఎక్కి ఏ గ్రహానికైనా వెళ్లొచ్చు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటి చోటే నిద్ర లేస్తారు. చేతికి కొత్త ఆయుధాలు, కొత్త శక్తులు ఏవీ రావు. పోయినసారి తెలుసుకున్నది మాత్రం మిగులుతుంది, అది రాకెట్‌లోని లాగ్‌లో దారాలతో కలిపిన చీటీల్లా నమోదవుతుంది. గ్రహాలు కూడా కాలంతో పాటు మారిపోతుంటాయి. రెండు జంట గ్రహాలున్నాయి, ఒకదాని మీది ఇసుక రెండోదాని మీదకు ధారగా పోతూ ఉంటుంది. అంటే ఒకదాని మీద గుహలు పూడిపోతుంటే, ఇంకోదాని మీద భవనాలు బయటపడుతుంటాయి. ఏ గుహలోకి ఎప్పుడు వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఒకసారి ఇసుక కింద నలిగి చస్తే రెండోసారికి తెలుస్తుంది.

మొదటి రెండు మూడు గంటలు చాలామందికి దిక్కు తోచదు. రాకెట్ నడపడం చేతికి రాదు. ఆటోపైలట్‌ని నమ్ముకుంటే దారిలో సూర్యుడు అడ్డొచ్చినా పక్కకు తప్పుకోదు, తిన్నగా అందులోకే తీసుకుపోతుంది. ‘ఇంత గొప్పగా చెప్పారు, ఏముంది ఇందులో’ అని వదిలేసేది ఈ దశలోనే. ఇక్కడ నా సలహా ఒకటే: ఎటు వెళ్లాలో తెలియకపోతే మీకు వింతగా కనిపించిన దానివైపు వెళ్లండి. సరైన వరస అంటూ ఏదీ లేదు. సెట్టింగ్స్‌లో రాతలు చదివేటప్పుడు టైమ్ ఆగేలా పెట్టుకోవచ్చు, అది పెట్టుకోండి, ఊపిరాడుతుంది. పదిహేను, ఇరవై గంటల గేమ్ ఇది. లోతైన నీళ్లన్నా, దిక్కులేని శూన్యమన్నా భయపడేవాళ్లకు కొన్నిచోట్ల నిజంగా చెమటలు పడతాయి. 2021లో వచ్చిన ఎకోస్ ఆఫ్ ది ఐ అనే అదనపు భాగం ఇంకా భయపెడుతుంది, దాన్లో భయం తగ్గించే ఆప్షన్ కూడా పెట్టారు.

ఓబ్రా డిన్ (2018) పూర్తిగా వేరే రుచి. లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేసిన గేమ్. 1807లో, జాడ తెలియకుండా పోయిన ఓడ ఒకటి ఖాళీగా రేవుకు తిరిగొస్తుంది. మీరు ఈస్టిండియా కంపెనీ తరఫున బీమా లెక్కలు తేల్చడానికి వెళ్లిన ఉద్యోగి. ఓడలో ఉండాల్సిన 60 మంది ఎవరెవరు, ఒక్కొక్కరికీ ఏమైంది, ఎవరి చేతిలో ఏమైంది అన్నది పుస్తకంలో రాయాలి. చేతిలో ఒక గడియారం. శవం దగ్గర దాన్ని తెరిస్తే చీకట్లో ఆఖరి మాటలు వినిపిస్తాయి, తర్వాత ఆ చావు జరిగిన క్షణం బొమ్మలా గడ్డకట్టి ఉంటుంది. దాని చుట్టూ తిరిగి చూడాలి: ఎవరి వేషం ఏమిటి, ఎవరి యాస ఏ దేశానిది, వెనకాల గుమ్మంలో నిలబడ్డవాడు ఎవరు. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తేనే ఆ మూడూ ఖాయమవుతాయి, కాబట్టి గుడ్డిగా ఊహించి నెట్టుకురావడం కుదరదు. మనిషిని గుర్తుపట్టడానికి సరిపడా ఆధారాలు చూసేదాకా పుస్తకంలో అతని ముఖం మసగ్గా ఉంటుంది. ముఖం స్పష్టమైందంటే సమాధానం మీరు ఇప్పటికే చూశారని అర్థం. ఇంతకంటే మర్యాదైన హింట్ నేనింకో గేమ్‌లో చూడలేదు.

బొమ్మంతా రెండే రంగుల చుక్కల్లో ఉంటుంది. కొందరికి అది కంటికి పడదు, ముందు ఏదైనా వీడియోలో ఒక్క నిమిషం చూసి తేల్చుకోండి. అంతకంటే ఎక్కువ చూడొద్దు.

ఈ రెండింట్లో, కొత్త చోట్లు తిరగడం ఇష్టమైతే ఔటర్ వైల్డ్స్. ఒకే చోట కూర్చుని ముడి విప్పడం ఇష్టమైతే ఓబ్రా డిన్. నా ఓటు ఔటర్ వైల్డ్స్‌కే, కానీ ఈ రకం గేముల్లో మీ మొదటిది అదే కానివ్వకండి. ముందు ఫైర్‌వాచో ఈడిత్ ఫించో ఆడి, మౌస్‌తో చూస్తూ కీబోర్డుతో నడవడం అలవాటయ్యాక దాని దగ్గరికి రండి.

పక్కన పెట్టినవి, ఎందుకంటే

చాలా లిస్టుల్లో మొదట కనిపించేది డియర్ ఎస్తర్. హాఫ్-లైఫ్ 2 అనే గేమ్‌కి మాడ్‌గా (ఉన్న గేమ్‌నే మార్చి చేసిన కొత్త రూపంగా) 2008లో మొదలై, 2012లో విడిగా అమ్మకానికొచ్చింది, ఈ రకం గేములకు బాట వేసింది. చరిత్రగా గొప్పదే, మొదటి గేమ్‌గా వద్దు. నడవడం తప్ప చేసేదేమీ లేదు, చెప్పే గొంతు కూడా కవిత్వంలా తిరుగుతుంది. దాన్ని చేసిన ది చైనీస్ రూమ్ వాళ్లదే ఇంకో గేమ్, ఎవ్రీబడీస్ గాన్ టు ది రాప్చర్. దాని సంగీతం అద్భుతం, నడక మాత్రం ప్రాణం తీస్తుంది. వేగంగా నడిచే బటన్ ఉంది, నొక్కి పట్టుకునే ఉండాలి. ఆ సంగతి గేమ్ మీకు సరిగ్గా చెప్పదు.

ది వానిషింగ్ ఆఫ్ ఈథన్ కార్టర్ (2014) మొదట్లోనే మీకు దారి చూపించనని చెప్పేస్తుంది, అన్నట్టే చేస్తుంది. ఆడితే 2015 నాటి రీడక్స్ వెర్షన్ ఆడండి, పాతదాంట్లో వదిలేసిన పజిళ్ల కోసం చివర్లో వెనక్కి నడవాల్సి వచ్చేది. సోమా (2015) సముద్రం అడుగున జరిగే హారర్. ఇందులోని ప్రశ్నలు మంచి సైన్స్ ఫిక్షన్ నవలకు తగ్గవి. రాక్షసులంటే భయమైతే 2017లో చేర్చిన సేఫ్ మోడ్‌లో ఆడొచ్చు, అవి కనిపిస్తాయి కానీ చంపవు. ది ఫర్గాటెన్ సిటీ (2021) స్కైరిమ్ అనే గేమ్‌కు మాడ్‌గా పుట్టింది: ఒక రోమన్ నగరం, ఒక్కడు పాపం చేస్తే అందరూ బంగారు బొమ్మలైపోతారు, కాలం వెనక్కి తిరుగుతుంది. ఔటర్ వైల్డ్స్ లాంటి చట్రమే, కానీ మనుషులతో మాట్లాడుతూ సాగుతుంది, మార్గం కూడా చూపిస్తుంది. ఔటర్ వైల్డ్స్ మరీ ఒంటరిగా అనిపించినవాళ్లు దీన్ని తప్పక చూడాలి.

కొనేముందు, ఆడేముందు

ఫస్ట్ పర్సన్‌లో కొందరికి తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. సెట్టింగ్స్‌లో హెడ్ బాబ్ (నడిచేటప్పుడు చూపు ఊగడం), మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఉంటే ఆపేయండి, ఫీల్డ్ ఆఫ్ వ్యూ (ఒకేసారి కనిపించే వెడల్పు) పెంచే వీలుంటే కొంచెం పెంచండి, మౌస్ వేగం తగ్గించండి, గదిలో లైటు వేసుకోండి. అయినా తగ్గకపోతే బలవంతంగా కొనసాగించొద్దు, ఆరోజుకి ఆపేయడమే మందు.

స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొంటే 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. తల తిరిగినా, కంప్యూటర్ లాగలేకపోయినా ఆ వీలు వాడుకోండి. గాన్ హోమ్ లాంటిది గబగబా పూర్తి చేసి డబ్బు వెనక్కి అడగడం కూడా రూల్ ప్రకారం కుదురుతుందేమో గానీ, అలా చేస్తే ఇలాంటి చిన్న గేములు తీసేవాళ్లు మిగలరు.

మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుంటే వెంటనే వాక్‌త్రూ (గేమ్ ఎలా పూర్తి చేయాలో వరసగా చెప్పేది) వెతకొద్దు. ఔటర్ వైల్డ్స్‌లో అయితే ముందు లాగ్ తెరిచి, ‘ఇక్కడ ఇంకా చూడాల్సింది ఉంది’ అని గుర్తున్న చోటుకు వెళ్లండి. ఓబ్రా డిన్‌లో స్పష్టమైన ముఖాలున్నవాళ్లను మాత్రమే పట్టుకోండి, మిగతావాళ్లను వదిలేయండి. అయినా కాకపోతే గేమ్ పూర్తి చేసిన స్నేహితుణ్ని అడగండి, కానీ జవాబు అడగొద్దు. ఎటువైపు చూడాలో మాత్రం చెప్పమనండి. వీడియో థంబ్‌నెయిల్స్ జోలికి అస్సలు పోకండి, ఆఖరి సీనే అక్కడ బొమ్మగా పెట్టేస్తుంటారు.